పెంటికల బాకీ

నల్లరేగడి నేలలో జొన్న కోత అయిపోయాక చేలో కొయ్యకాళ్లు మిగులుతాయి. కోసుకున్నవాడికి వాటితో పనిలేదు. గొర్రెలకు మాత్రం అవే ఎండాకాలం బతుకు. అందుకే కంకులు కళ్లం చేరగానే మారెప్ప మంద వంక దాటి నక్క నరసప్ప చేలోకి దిగేది. పగలంతా కొయ్యకాళ్లు, రాలిన ఆకు, గట్ల మీది గరిక. పొద్దు వాలాక అదే చేలో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవడం. ఎక్కడ పడుకోవాలో మాత్రం నరసప్పే చెప్పేవాడు. తూర్పు మూల మొదలుపెట్టి రాత్రికొక చోటుగా, సాలు పక్కన సాలు తోలినట్టు, పడమటి గట్టు దాకా మందను జరిపేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. చేను దొరది, మాట దొరది.

మందకు పెద్ద మారెప్ప పొట్టేలు. రెండు చుట్లు తిరిగిన కొమ్ములు, తూచినట్టుండే మాట. ఎవరి బాకీ ఎగ్గొట్టని మంద అని పేరు తెచ్చుకోవడమే ఆయన జన్మంతా చేసిన సంపాదన. అప్పు లేనివాడు అధిక బలుడు అని రోజుకొకసారైనా అనేవాడు. అప్పు లేని ఏడాది ఆయన ఒక్కటి కూడా చూడలేదు. అది వేరే సంగతి.

ఆ మందలో సుంకమ్మ నాలుగు ఈతలు ఈనిన నల్ల గొర్రె. ఈ ఏడు ఆమెకు ఒకటే పిల్ల. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని చుక్కి అని పిలుచుకునేది. చుక్కి ఇంకా పాలు మానలేదు, అయినా పెద్దవాళ్ల పక్కన నిలబడి కొయ్యకాళ్లు కొరుకుతున్నట్టు నటించేది.

మంద పడమటి గట్టు చేరిన మర్నాడు నరసప్ప లెక్క చెప్పడానికి వచ్చాడు. బండరాయి ఎక్కి కూర్చున్నాడు. పక్కన తోడేలు దాసప్ప నిలబడ్డాడు. దాసప్ప మాట్లాడడు. నిలబడటమే అతని ఉద్యోగం. వసూలైనదాంట్లో అతనికొక వాటా ఉందని, ఆ జొన్నలు చెరువు కొంగలకు పోసి చేపలు తీసుకుంటాడని అందరూ అనుకునేవాళ్లు.

నరసప్ప గోటితో బండ మీద గీతలు గీశాడు. నెల రోజుల మేతకు పన్నెండు గంపల జొన్నలు అన్నాడు. ఆ తరువాత ఇంకో మూడు గీతలు గీశాడు.

"ఇవేంటి దొరా?" అన్నాడు మారెప్ప.

"ఒకసారి వెనక్కి తిరిగి చూడు మారెప్పా. ముప్పై రాత్రులు పడుకున్నారు. ఎక్కడ చూసినా మీ పెంటికలే. అడుగు తీసి అడుగు పెట్టడానికి లేదు. ఊడ్పించాలంటే మూడు గంపల కూలి అవుతుంది. అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ చేనన్నాక శుభ్రం ఉండాలి కదా."

మంద తల దించుకుంది. తిన్నది చాలక తిన్నచోటే పాడుచేశామే అని ఒక్కొక్కరికీ మొహం చెల్లలేదు. మారెప్ప అయితే తప్పు కాయమని కూడా అన్నాడు.

పన్నెండూ మూడూ పదిహేను గంపలు. గొర్రెల దగ్గర గంప మాట అటుంచి గుప్పెడు జొన్నలు లేవు. ఆ సంగతి నరసప్పకు తెలుసు. పోయిన ఏడు జొన్నలకు బదులు ముసలి గురవమ్మను తోలిచ్చి బాకీ సరిపెట్టారు. ఈసారి ముసలిది వద్దన్నాడు, పోయినసారి నమల్లేక దవడలు నొప్పిపెట్టాయట. నుదుటి మీద మచ్చున్న ఆ పిల్లను అమావాస్య నాటికి పంపిస్తే పదిహేను గంపలూ మాఫీ చేస్తానన్నాడు. నష్టమైనా ఓర్చుకుంటానని కూడా అన్నాడు. బాకీ తీరేదాకా మంద చేలోకి రాకూడదు, వంక గట్టు రాళ్లలోనే ఉండాలి. గడువు దాటితే దాసప్ప వచ్చి తీసుకుపోతాడు, అతను వచ్చినప్పుడు ఒక్కదానితో సరిపెట్టుకోడు.

నక్క వెళ్లిపోయాక సుంకమ్మ మారెప్ప దగ్గరికి వచ్చింది. చుక్కి ఆమె పొట్ట కింద దూరి నిలబడింది.

"మామా, నువ్వు ఒక్క మాట కూడా అనలేదేం?"

"ఏమని అనను సుంకమ్మా? తిన్నామా, లేదా?"

"తిన్నాం."

"తిన్నాక ఇవ్వాలా, వద్దా?"

"ఇవ్వాలి."

"మరి?"

నీతి అనే పలుపుతాడును ఎవరు పేనారో గానీ, అది లేనివాడి మెడకే సరిగ్గా సరిపోతుంది. ఉన్నవాడి మెడకు ఎప్పుడూ పొట్టే. మారెప్ప మంచివాడు. ఆ మంచితనం ఖరీదు తన పిల్ల అని మాత్రం సుంకమ్మకు తెలిసింది. తెలిసినా ఏం చేయాలో తెలియలేదు. అమావాస్యకి నాలుగు రోజులుంది.

మందలో ఉరుకుందు అని ఒక మేక ఉండేది. పిల్లప్పుడు పట్నం వెళ్లి గోడల మీద అతికించిన కాగితాలన్నీ తిని వచ్చింది. అప్పటినుంచి దాని నోట మామూలు మాట రావడం మానేసి నినాదాలే వచ్చేవి. శ్రమజీవులంతా ఒక్కటి కావాలని, పోరాడితే పోయేదేమీ లేదని ఆ సాయంత్రం రాళ్ల మీద ఎగిరెగిరి చెప్పింది. గొర్రెలు శ్రద్ధగా విని, ఒక్కటై పడుకున్నాయి. సుంకమ్మ మాత్రం దాని దగ్గరికి వెళ్లి, గుట్ట అవతలికి దారి తెలుసా అని అడిగింది.

"దారిదేముందక్కా, నడిస్తే అదే దారి. ఎందుకు?"

"అక్కడ ఎలుగు గిడ్డయ్య ఉన్నాడంట. జొన్నలు పండిస్తాడంట. పదిహేను గంపలు అప్పు అడుగుదామని."

"అప్పు తీర్చడానికి అప్పా? ఒక బావిలోంచి లేచి ఇంకో బావిలో పడటమే."

"నా పిల్ల ఉంటే ఏ బావి అయినా సరే," అంది సుంకమ్మ.

ఉరుకుందు ముందు నడిచింది.

గిడ్డయ్య పొట్టిగా, గుండ్రంగా ఉండే ఎలుగుబంటి. మోమాటం అనేది ఆయన బొచ్చులో ఎక్కడా లేదు. వీళ్లు వెళ్లేసరికి గుహ ముందు కూర్చుని రాళ్లు సర్దుతున్నాడు. రాళ్లు రెండు వరసలుగా ఉన్నాయి. ఎవరి రాయి ఏదో తెలియడానికి ఒక్కోదాని కింద ఒక్కో గుర్తు పెట్టాడు, ఈకో, బొచ్చో, పాము కుబుసమో. మేక ఊరుకోలేక, కాకి ఈక రెండు వరసల్లోనూ ఎందుకుందని అడిగింది.

"ఎడమ వరస నాకు ఇవ్వాల్సినవాళ్లు," అన్నాడు గిడ్డయ్య తలెత్తకుండా. "కుడి వరస నేను ఇవ్వాల్సినవాళ్లు. కాకి నా దగ్గర రేగుపళ్లు అప్పు తీసుకుంది, అందుకని ఎడమన ఉంది. తేనెపట్టు ఎక్కడుందో నాకు చూపించింది, దానికి నేనింకా ఏమీ ఇవ్వలేదు, అందుకని కుడినా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి తీసేస్తే ఎవరు ఎవరికి ఇవ్వాలో తేలుతుంది. నేను ఒక్క ఎడమ వరసే పెట్టుకున్నాననుకో, కాకి చచ్చేదాకా నాకు బాకీయే."

"అంత కచ్చితంగా ఎందుకన్నా, కాకితో?" అంది సుంకమ్మ.

"కచ్చితంగా ఉంటేనే రేపు కాకీ నేనూ మాట్లాడుకుంటాం. సరే, మీరెందుకొచ్చారు?"

సుంకమ్మ చెప్పింది. కొయ్యకాళ్లు మేశామని, పన్నెండు గంపలని. మిగిలిన మూడు గంపల దగ్గరికి వచ్చేసరికి, చేను పాడుచేసినందుకు అని గొణిగింది.

"ఎట్లా పాడుచేశారు? తొక్కారా?"

"లేదన్నా. రాత్రిళ్లు అక్కడే పడుకున్నాం కదా. అవే... పెంటికలు."

గిడ్డయ్య మొదటిసారి తలెత్తాడు. ఆమెను చూశాడు, మేకను చూశాడు, పరాచికమేమో అని మళ్లీ ఆమెను చూశాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి రెండు వరసల రాళ్లూ కాలితో కదిపేసి, తిట్టుకుంటూ మళ్లీ సర్దుకున్నాడు.

"అమ్మా, వడ్లు దంచినమ్మే ఎదురు కూలి ఇచ్చినట్టుంది మీ కథ. మా గుట్ట ఇవతల మంద కట్టించుకోవాలంటే చేనుగలవాడే మందను బతిమాలుకోవాలి. కొయ్యకాళ్లు ఊరికే మేయొచ్చు. ఆ పైన పడుకున్న ప్రతి రాత్రికీ అర గంప జొన్నలు కొలవాలి. పెంటిక ఎరువు పడిన చేను రెండేళ్లు మరచిపోదు. మీ నక్క మిమ్మల్ని ఒక చోటే పడుకోబెట్టాడా, రోజుకొక చోటా?"

"రోజుకొక చోట. వరసగా. గట్టు దాకా."

"చూశావా. ఊడ్చాడా?"

సుంకమ్మ ఆలోచించింది. ముప్పై రాత్రుల్లో ఒక్క చీపురు పుల్ల కూడా ఆమె చూడలేదు. అదీగాక చేను గట్టు దాకా నిండిన మర్నాడే మందను బయటికి పొమ్మన్నాడు. అంటే కావాల్సింది పూర్తిగా పుచ్చుకున్నాకే లెక్క చెప్పాడు.

మరి మా వైపు ఈ పద్ధతి ఎందుకు లేదని ఆమె అడిగింది. ఒకప్పుడు ఉండేదన్నాడు గిడ్డయ్య. మధ్యలో కరువు వచ్చింది. "కరువు ఏడు మీ తాతలు కొయ్యకాళ్ల కోసం నక్క కాళ్ల మీద పడ్డారు. ఆ ఏడు గింజలు అడగలేదు. మరుసటి ఏడు అడగడానికి మొహమాటపడ్డారు. మూడో ఏడు వాడే అడిగాడు."

కరువు పోయింది. కరువునాటి దండం మాత్రం అలాగే ఉండిపోయింది. ఎక్కడైనా ఇంతే. ఆకలి రోజుల్లో వంగిన నడుమును చూసి, పుట్టుకతోనే వంగి ఉందని లెక్క రాసుకునేవాళ్లు ఎప్పుడూ పక్కనే ఉంటారు.

ఉరుకుందు అప్పటికే గుట్ట దిగబోయింది. నక్క బండ దగ్గరికి వెళ్లి నిలదీద్దాం పద అంది. సుంకమ్మ కదల్లేదు.

"నిలదీస్తే ఏమంటాడు? పెంటికలు చెత్త అంటాడు. గుట్ట అవతల ఏముంటే నాకేం అంటాడు. పక్కన దాసప్ప నిలబడి ఉంటాడు. మారెప్ప మామ కూడా దొర మాటే నిజమంటాడు."

"అయితే ఊరుకుందామా?"

"ఊరుకోం. పెంటికలకు ధర ఉందని మనం చెప్పకూడదు. వాడు చెప్పాలి." ఆమె గిడ్డయ్య వైపు తిరిగింది. "అన్నా, అప్పు వద్దులే. మా మందను ఒక్క రాత్రి నీ చేలో కట్టించుకుంటావా?"

"అర గంప," అన్నాడు గిడ్డయ్య వెంటనే.

"అర గంపే. కానీ పొద్దున్నే నరసప్ప వస్తాడు. అది నాది అంటాడు. అప్పుడు వాడితో బేరం బాగా ఆడాలి. పెంటికలు ఎందుకూ పనికిరావని నువ్వు అనాలి."

గిడ్డయ్య కాసేపు ఆమెను పరకాయించి చూశాడు. బేరం ఆడటానికి తనకు ఒకరు నేర్పక్కర్లేదన్నాడు. అయితే నక్క ధర పెంచితే ఆ పెంచినది తనకు నష్టం కదా అని అడిగాడు. సుంకమ్మ, అర గంప ఎక్కువైతే దానికి బదులు మంద ఇంకో రాత్రి పడుకుంటుందని ఒప్పుకుంది. ఆయన కుడి వరసకూ ఎడమ వరసకూ ఒక్కో రాయి చేర్చి, రెండింటి కింద ఆమె బొచ్చు పోగు పెట్టాడు.

మారెప్పను ఒప్పించడం అంతకంటే కష్టమైంది. బాకీలో ఉండగా దొర చెప్పిన చోటు వదిలిపోవడం ఎగ్గొట్టడమేనన్నాడు. తన కొమ్ములు ఉండగా ఆ పని జరగదన్నాడు. సుంకమ్మ ఎదురు చెప్పలేదు. దొర బాకీ తీర్చడానికే వెళ్తున్నామంది, ఒక రాత్రికి అర గంప సంపాదన అంది, పదిహేనులో అర తగ్గినా తగ్గినట్టే కదా అంది. పని చేసి బాకీ తీర్చడంలో తప్పు మారెప్పకు కనిపించలేదు. పెంటికలకు జొన్నలు ఇచ్చే వెర్రివాడు లోకంలో ఉన్నాడా అని మాత్రం దారంతా అడుగుతూనే ఉన్నాడు.

ఆ రాత్రి మంద గిడ్డయ్య చేలో పడుకుంది. తెల్లవారకముందే ఉరుకుందు కాకిని లేపి, గుట్ట అవతల గొర్రెలకు జొన్నలు కొలుస్తున్నారట అని చెవిలో వేసింది. కాకికి అంత చెబితే చాలు.

గిడ్డయ్య గంపలో సగం దాకా జొన్నలు పోసేసరికి నరసప్ప ఆయాసపడుతూ గుట్ట దిగాడు. వెనకే దాసప్ప. మందను చూసి నక్క కోపగించలేదు. కోపం తరువాత పడొచ్చు, గంప ఇప్పుడే కొలుస్తున్నారు.

"గిడ్డయ్యా, ఆగు. ఆ జొన్నలు ఎవరికి?"

"మందకు. రాత్రి కట్టించుకున్నా."

"ఈ మంద నాకు బాకీ ఉంది. బాకీ తీరేదాకా దీనికి వచ్చే ప్రతి గింజా నా చేతిలో పడాలి. పద్ధతి తెలిసినవాడివి, నీకు చెప్పాలా?"

"నీకిస్తే నాకేం, వాళ్లకిస్తే నాకేం. ఇదిగో అర గంప, పట్టుకుపో."

నరసప్ప గంపలోకి తొంగిచూశాడు. సగం ఖాళీ ఉంది. ఖాళీ చూస్తే ఓర్వలేని కళ్లు అవి.

"అర గంపేంటి?"

"మరెంత? పొలమంతా చెత్త చేసి పోయాయి. ఊడవడానికే నాకు సగం రోజు పడుతుంది."

"చెత్తా?" నరసప్ప నవ్వాడు. "గిడ్డయ్యా, సేద్యం చేస్తున్నావా, తేనె నాకుతున్నావా? నా చేలో కంకి మూరెడు ఎందుకుంటుందో ఎప్పుడైనా అడిగావా? వానా? మీ వైపు పడిన వానే నాకూ పడింది. విత్తనమా? అదీ ఒకటే. ఈ మంద. వీటి పెంటిక పడితే రాయి కూడా మొలకెత్తుతుంది. అందులోనూ నా కొయ్యకాళ్లు తిన్న గొర్రెలు. గంప నిండా పొయ్యి."

గిడ్డయ్య తల గోక్కున్నాడు. పెంటికలకు గంప జొన్నలు ఎక్కడా వినలేదన్నాడు. ముప్పావు గంప అన్నాడు. నరసప్ప గింజ తగ్గనన్నాడు. మారెప్ప అటూ ఇటూ తల తిప్పుతూ నిలబడిపోయాడు. ముక్కున వేలేసుకోవడానికి వేలు లేదు గానీ, ఉంటే వేసుకునేవాడు.

"నన్ను చూసి ధర పెంచుతున్నావు నరసప్పా. ఇంకొకరైతే అర గంపకే ఇచ్చేవాడివి," అన్నాడు గిడ్డయ్య.

నక్కకు అది తగిలింది. "నరసప్ప ధర ఎవరికైనా ఒకటే. మనిషికొక ధర, చేనుకొక ధర చెప్పే అలవాటు నాకు లేదు. ఈ మంద ఎక్కడ పడుకున్నా రాత్రికి గంప. కావాలంటే ఇక్కడున్న అందరినీ సాక్ష్యం పెట్టుకో."

గిడ్డయ్య మూలుగుతూ గంప నింపాడు. నరసప్ప దాన్ని తన వైపు లాక్కున్నాడు.

అప్పుడు సుంకమ్మ ముందుకు వచ్చింది. దాసప్ప రెండు అడుగుల దూరంలో ఉన్నాడు.

"దొరా, ఆ గంప ఏ లెక్కలో వేస్తారు?"

"మీ బాకీలోనే వేస్తాను. నాకు అన్యాయం చేతకాదు. పదిహేనులో ఒకటి పోయింది, పద్నాలుగు ఉంది."

"మా బాకీలోంచి తగ్గిందంటే ఆ పెంటికలు మావే కదా?"

"మీవి కాక నావా?" అన్నాడు నరసప్ప, చుట్టూ ఉన్న గొర్రెల వైపు చూసి నవ్వుతూ.

"మరి మీ చేలో ముప్పై రాత్రులు పడుకున్నాం దొరా."

నరసప్ప నవ్వు మొహం మీద అలాగే ఉంది, దాన్ని తీసేయాలని అతనికి తోచలేదు.

గిడ్డయ్య అప్పటికే కింద కూర్చుని రాళ్లు ఏరుతున్నాడు. మంద మేతకు ఇవ్వాల్సినవి ఒక వైపు పేర్చాడు, పన్నెండు. ఊడ్చిన కూలి సంగతి ఏం చేయమంటావని సుంకమ్మను అడిగాడు. ఊడ్చినా ఊడవకపోయినా దొర మాట కాదనడం ఎందుకు, ఆ మూడూ వేయమంది. పదిహేను అయ్యాయి. రెండో వైపు రాత్రికొక రాయి చొప్పున ముప్పై పెట్టాడు. నక్క చేతిలో ఉన్న గంప కూడా మంద కష్టమే కాబట్టి ఇంకొకటి పెట్టాడు. తరువాత ఇటొకటి అటొకటి తీసి పారేస్తూ పోయాడు. ఒక వైపు నేల కనబడింది. రెండో వైపు పదహారు రాళ్లు మిగిలాయి.

"మంద నీకు బాకీ లేదు నరసప్పా. నువ్వే మందకు పదహారు గంపలు బాకీ," అన్నాడు గిడ్డయ్య. మామూలుగానే అన్నాడు, వాన వచ్చేలా ఉందన్నట్టు.

"అట్లా అని మనం ఒప్పందం చేసుకోలేదు," అన్నాడు నరసప్ప.

"మేతకు ఒప్పందం ఎప్పుడు చేసుకున్నాం దొరా?" అంది సుంకమ్మ. "నోట్లోకి పోయింది మీరు లెక్కపెట్టారు. వెనక నుంచి పడింది మేం లెక్కపెట్టలేదు. అదొక్కటే మా తప్పు. ఇప్పుడు లెక్కపెట్టాం. ధర కూడా మేం కట్టలేదు. మీరే కట్టారు, ఇందరి ముందు."

మారెప్ప రాళ్ల దగ్గరికి నెమ్మదిగా వచ్చాడు. వాటిని చాలాసేపు చూశాడు. పోయిన ఏడు గురవమ్మను తోలిచ్చింది ఆయనే. వంక దాకా ముందు నడిచి, బాకీ తీరిందని నిబ్బరంగా వెనక్కి వచ్చింది ఆయనే.

"గిడ్డయ్యా, గురవమ్మకు రాయి ఎక్కడ పెడతావు?" అన్నాడు.

ఆ రాయి ఏ వరసలోనూ పట్టదు.

నరసప్ప ఇక మాటలు దండగ అనుకున్నాడు. "దాసప్పా, ఏం చూస్తున్నావు? వసూలు చెయ్యి."

మంద మొత్తం వెనక్కి తగ్గింది. సుంకమ్మ చుక్కికి అడ్డంగా నిలబడింది. ఉరుకుందు కొమ్ములు వంచి ఆమె పక్కకు వచ్చింది. ఈసారి దాని నోట ఏ నినాదమూ రాలేదు. తోడేలు వాళ్లను చూడటం లేదు, రాళ్లను చూస్తున్నాడు.

"ఎవరి దగ్గర?" అన్నాడు దాసప్ప. ఇన్నేళ్లలో మంద అతని గొంతు వినడం అదే మొదలు. సన్నగా, కాస్త బొంగురుగా ఉంది.

"ఎవరి దగ్గరేంటి?"

"బాకీ ఉన్నవాడి దగ్గర వసూలు చేయాలన్నావు. బాకీ నీదంటున్నారు." తరువాత గిడ్డయ్య వైపు తిరిగాడు. "అన్నా, నాదొకటి చూసి చెప్పు. ఏడాదికి మూడు గంపలు ఇస్తానన్నాడు. మూడేళ్లయింది. అడిగితే, నువ్వు తిన్న ఎముకలకు చెల్లు అంటాడు. నేను ఇవ్వాల్సినవాణ్నా, నాకు రావాల్సిందా?"

గిడ్డయ్య తొమ్మిది రాళ్లు ఏరి పదహారు పక్కన వేరేగా పెట్టాడు. ఎముకలకు ఒక్క రాయి తీసేశాడు. దాసప్ప ఒకటీ రెండూ అంటూ మిగిలినవి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. తరువాత నరసప్ప పక్క నుంచి కదిలి వచ్చి, నరసప్పకు ఎదురుగా నిలబడ్డాడు. నిలబడటం అతనికి బాగా వచ్చు.

కొట్టేవాడికి కూడా కూలి బాకీ పెట్టి కొట్టిస్తారు దొరలు. ఆ కూలి లెక్క కొట్టేవాడికి తెలియనంత కాలమే వాళ్ల దొరతనం.

మధ్యాహ్నానికి నరసప్ప తన ఇంటి వెనక పాతర మీది బండ జరిపాడు. అంతకుముందు ఎవరూ ఆ గుంతలోకి చూడలేదు. నిండా జొన్నలే. గంపతో తోడి పోస్తుంటే గిడ్డయ్య పక్కన కూర్చుని లెక్కపెట్టాడు, మంద పదహారూ దాసప్ప ఎనిమిదీ. అందులో ఒకటి పొద్దున లాక్కున్న గంపే కాబట్టి పాతరలోంచి ఇరవై మూడు వచ్చాయి. గంప వెలితి పడినప్పుడల్లా సుంకమ్మ మళ్లీ నింపమంది. నరసప్ప నింపాడు. అడుగున నాలుగు గుప్పెళ్లు మిగిలాయి. వాటిలోనూ సగం పురుగు పట్టినవే. అవి కూడా మందకు ఇచ్చేయమని ఉరుకుందు అంది గానీ సుంకమ్మ ఒప్పుకోలేదు. రావాల్సినంతే తీసుకోవాలంది.

మరుసటి ఏడు కోతలు కాగానే నరసప్ప తానే వంక దాటి వచ్చాడు. గంప ధర ఎక్కువని, అర గంపకు రమ్మని, ఇన్నాళ్ల స్నేహం చూడమని బతిమాలాడు. మారెప్ప స్నేహం సంగతి తరువాత మాట్లాడదామన్నాడు. సుంకమ్మ సగం రాత్రుల గింజలు ముందుగా కొలిపించుకుని, ఆ తరువాతే మందను లేపింది. చేను బాగుపడింది, మంద బాగుపడింది. ఆ ఏడు ఎవరి పిల్లా ఎవరి లెక్కలోకీ పోలేదు.

పుచ్చుకున్నది మాత్రమే లెక్కపెట్టుకునేవాడు చచ్చేదాకా బాకీదారే; ఇచ్చింది కూడా లెక్కపెట్టుకున్నప్పుడే అప్పు ఎవరిదో తేలుతుంది.